చందమామ ఆఫీసు అనే బడి

పిల్లల కథలు రాయాలనీ, వాటికి బొమ్మలు వేయాలనీ సరదా ఉన్నవాళ్లు మన సాఫ్ట్‌వేర్ జనాల్లో తక్కువేం కాదు. పిల్లాడికి రోజూ రాత్రి కథ కల్పించి చెప్పే నాన్నలు, మీటింగుల్లో నోట్‌బుక్కు వెనక పేజీల్లో ఏనుగులు గీసే అమ్మాయిలు ప్రతి టీములోనూ ఒకరిద్దరు తగుల్తారు. వాళ్లందరిదీ ఒకటే ప్రశ్న. ఇది ఎక్కడ నేర్చుకోవాలి? జావా అయితే అమీర్‌పేటలో నేర్చుకోవచ్చు. మరి పిల్లల కథ?

తెలుగువాళ్లకి ఒకప్పుడు ఇలాంటి బళ్లు ఉండేవి. గుమ్మం మీద 'బడి' అని రాసుండేది కాదు, అంతే!

మొదటిది 'బాల' పత్రిక. మద్రాసు రేడియోలో పిల్లల కార్యక్రమాలు నడిపిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు (మన రేడియో అన్నయ్య, అక్కయ్య) 1945లో మొదలుపెట్టారు. పిల్లల కోసం పెద్దలు రాయడమే కాదు, పిల్లలు రాసినవీ గీసినవీ కూడా వేసేవాళ్లు. అప్పటికి పన్నెండేళ్లు కూడా నిండని ఒక కుర్రాడి బొమ్మ, పద్నాలుగేళ్ల ఇంకో కుర్రాడి కథ మొదటిసారి అచ్చయింది అందులోనే. మొదటివాడు బాపు, రెండోవాడు ముళ్లపూడి వెంకటరమణ. తర్వాత పదేళ్లు దాటాక వచ్చిన బుడుగుకి విత్తనం ఎక్కడ పడిందో వేరే చెప్పక్కర్లేదు. 'బాల' 1959లో ఆగిపోయింది.

రెండోది చందమామ. నాగిరెడ్డి, చక్రపాణి 1947 జులైలో తెలుగు, తమిళాల్లో ప్రారంభించారు. చందమామ అనగానే మనందరికీ బాల్యం గుర్తొచ్చి కళ్లు చెమరుస్తాయి. అది కాసేపు పక్కన పెట్టండి. దాన్ని ఒక ఆఫీసుగా చూద్దాం.

1952లో కొడవటిగంటి కుటుంబరావు సంపాదక బాధ్యతలు తీసుకున్నారు. మనిషి చదివింది ఫిజిక్సు. అప్పటికే పెద్దల కోసం పేరున్న రచయిత. 1980లో పోయేదాకా, అంటే దాదాపు 28 ఏళ్లు, అదే కుర్చీలో ఉన్నారు. పత్రిక మీద సంపాదకుడిగా వేసేది మాత్రం చక్రపాణి పేరు. బయటినుంచి వచ్చిన కథల్లో పనికొచ్చే పాయింటు ఉంటే చాలు, ఆయన మొత్తం తిరగరాసేవారు. రాజుగారి ఉద్యానవనానికి అరపేజీ వర్ణన ఉండదు. పిల్లాడు ఆగి అర్థం అడగాల్సిన సంస్కృత సమాసం ఉండదు. ప్రతి వాక్యంలో ఏదో ఒకటి జరగాలి. పాత సంచిక ఏదైనా తీసి ఒక్క పేజీ చూడండి, తీసేయడానికి ఒక్క మాట దొరకదు. మన భాషలో చెప్పాలంటే మొహమాటం లేని కోడ్ రివ్యూ అన్నమాట. పైగా రివ్యూ చేసేవాడే కూర్చుని రీఫ్యాక్టర్ కూడా చేసిచ్చేవాడు!

అదే 1952లో చేరిన దాసరి సుబ్రహ్మణ్యం అక్కడ యాభై ఏళ్లకు పైనే పనిచేశారు. 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి పాతికేళ్ల లోపే పన్నెండు జానపద సీరియళ్లు రాశారు. వాటి మీద రచయిత పేరే వేయలేదు. నెల నెలా ఎదురుచూసిన పిల్లల్లో చాలామందికి వాళ్లు ముసలివాళ్లవుతుండగా తెలిసింది, అవి రాసింది ఫలానా ఆయన అని. ఆయన 2010లో పోయారు.

బొమ్మల గదికొద్దాం. 'చిత్రా' (రాఘవన్) ఆర్టు స్కూల్లో చదువుకున్నవాడు కాదు. శంకర్ (శివశంకరన్) మద్రాసు ఆర్టు స్కూల్లో చదివి, తమిళ పత్రిక 'కలైమగళ్'లో చేసి ఇక్కడికొచ్చాడు. శంకర్ బొమ్మలో చెట్టు ఆకులు కూడా లెక్కపెట్టొచ్చు. చిత్రా గీత చురుకు, మనిషి కదుల్తున్నట్టే ఉంటుంది. ఇద్దరూ ఏళ్ల తరబడి ఒకే పత్రికకి పక్కపక్కనే గీశారు, ఒకరిలా ఇంకొకరు మారిపోలేదు. ముఖచిత్రాలకి వడ్డాది పాపయ్య, ఎం.టి.వి. ఆచార్య లాంటివాళ్లు. ఒక తమాషా గమనించారా? బొమ్మ మూల చిత్రకారుడి సంతకం ఉండేది, సీరియల్ రాసినవాడికే పేరు లేదు. భుజాన శవం, చేతిలో కత్తితో నడిచే విక్రమార్కుణ్ణి గీసిన శంకర్ 2020లో పోయారు. పద్మశ్రీ 2021లో ప్రకటించారు!

ఇంతకీ అక్కడ మనుషులు ఎలా తయారయ్యారు? నాకు కనిపించేవి మూడు. నెల జీతం, నెలవారీ డెడ్‌లైను, పక్కనే తనకన్నా బాగా తెలిసినవాడి కన్ను. 'ప్రేరణ' కోసం కొండల్లోకి వెళ్లే తీరిక వాళ్లకి లేదు. వచ్చే నెల సంచికే ప్రేరణ. ఏళ్ల తరబడి నెలనెలా వేస్తే ఎవరి చెయ్యయినా తిరుగుతుంది.

అలాగని అంతా స్వర్ణయుగం అంటే నేనొప్పుకోను. అందరి కథల్నీ ఒకే చెయ్యి దిద్దితే అన్నీ ఒకే గొంతుతో వినిపిస్తాయి. పేరు వేయకపోతే రాసేవాడికి పాఠకుడితో సంబంధం ఏర్పడదు, బయటికెళ్తే చూపించుకోడానికి రెజ్యూమే ఉండదు. అన్నిటికన్నా పెద్ద లోపం, ఆ విద్య నలుగురైదుగురి తలల్లోనే ఉండిపోవడం. పెద్దలు ఒక్కొక్కరే వెళ్లిపోయాక ఆ పట్టు మళ్లీ దొరకలేదు. కేటీ ఇవ్వకుండా సీనియర్లు వెళ్లిపోయిన ప్రాజెక్టు ఎలా ఉంటుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు కదా. 1998-99లో పత్రిక ఏడాది పైన ఆగి మళ్లీ మొదలైంది. 2007లో దాన్ని కొన్నది ముంబయి సాఫ్ట్‌వేర్ కంపెనీ జియోడెసిక్. ఆ కంపెనీయే అప్పుల్లో మునిగింది, 2013తో చందమామ ఆగిపోయింది. మన ఇండస్ట్రీ చేతిలోనే అస్తమించిందన్నమాట!

ఇప్పుడు ఇంటర్నెట్ ఉందిగా, ఎవరైనా రాయొచ్చుగా అంటారు. నిజమే. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ 2015 నుంచి ఉంది. తెలుగుతో సహా బోలెడు భాషల్లో బొమ్మల కథలు, ఓపెన్ లైసెన్సుతో. రాసినవాళ్ల పేరు, బొమ్మలేసినవాళ్ల పేరు పుస్తకం మీదే ఉంటాయి. అమెరికా తెలుగువాళ్ల తానా, సికింద్రాబాదు మంచి పుస్తకం కలిసి బొమ్మల కథలకి పోటీలు పెట్టి పుస్తకాలు వేశాయి. ఇవన్నీ మంచి పనులే. కానీ పోటీ ఒక కథని ఎంచుతుంది, రచయితని తయారు చేయదు. తయారవ్వాలంటే నలభయ్యో కథ దాకా వెనక నిలబడే మనిషి కావాలి.

అందుకే ఒక మాట. మన సంఘాలు శాలువాలకీ మెమెంటోలకీ పెట్టే ఖర్చులో కొంత పక్కన పెట్టి, ఒక మంచి సంపాదకుడికీ ఇద్దరు కుర్ర చిత్రకారులకీ రెండేళ్లు జీతమిచ్చి చూడండి. పేర్లు మాత్రం వేయండి, ఆ పాత తప్పు మళ్లీ వద్దు.

ఇక రాయాలనుకునేవాళ్లకి. పాత చందమామ కథ ఒకటి చదివి, పుస్తకం మూసేసి ఆరేళ్ల పిల్లకి చెప్పండి. ఎక్కడ తల పక్కకి తిప్పిందో గుర్తు పెట్టుకోండి. తర్వాత మీ కథతో అదే పని చేయండి. ఆ పిల్లకి మన హోదాతో పని లేదు, అప్రైజల్లో మొహమాటమూ లేదు. అంతకన్నా ఖచ్చితమైన రివ్యూ మీకెక్కడా దొరకదు.