గాలిమరలు, సోలార్ పార్కులు: ఊరి జనం ఏం కోరుకుంటారు?

సోలార్ కరెంటు కావాలా అని అడిగితే చాలామంది కావాలనే అంటారు. అదే మీ ఊరి పక్కనే పెడతాం అంటే ప్రశ్నలు మొదలవుతాయి. దాన్ని వ్యతిరేకత అనుకోవడం తొందరపాటు. ఎక్కడ పెడతారు, ఎలా కనిపిస్తుంది, లాభం ఎవరికి, మమ్మల్ని ముందు అడుగుతారా అన్నవే ఆ ప్రశ్నలు.

కోపెన్‌హాగన్‌లో ఏం జరిగింది?

డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్ తీరానికి దగ్గర్లో, సముద్రంలో మిడిల్‌గ్రుండెన్ గాలిమరల కేంద్రం ఉంది. మొదటి ప్లాన్ ప్రకారం మూడు వరుసల్లో 27 మరలు రావాలి. ప్రజాభిప్రాయ సేకరణలో అవి కంటికి ఎలా కనిపిస్తాయన్న దానిపై అభ్యంతరాలు వచ్చాయి. దాంతో ప్లాన్ మార్చి, 20 మరలను విల్లులా వంపు తిరిగిన ఒకే వరుసలో నిలబెట్టారు. 2000లో నిర్మించిన ఈ కేంద్రం సామర్థ్యం 40 మెగావాట్లు. సగం మరలు 8 వేలకు పైగా సభ్యులున్న సహకార సంఘానివి. అంటే జనం మాట విన్నారు, జనానికి వాటా కూడా ఇచ్చారు.

మన దగ్గర

అనంతపురం ప్రాంతంలోని రామగిరి కొండల మీద 1990ల నుంచే గాలిమరలు తిరుగుతున్నాయి. గాలిమర ఎంతో దూరం నుంచి కనిపిస్తుంది, కానీ దాని చుట్టూ సేద్యం, మేత ఆగవు. సోలార్ పార్కు సంగతి వేరు. దూరానికి అంతగా కనిపించదు, కానీ చుట్టూ కంచె పడుతుంది. గొర్రెలు, మేకలు తోలుకెళ్లే దారి మూసుకుపోవచ్చు. 2017లో సిద్ధమైన 1,000 మెగావాట్ల కర్నూలు సోలార్ పార్కు గని, శకునాల గ్రామాల దగ్గర దాదాపు 6 వేల ఎకరాల్లో ఉంది. రామగుండంలో మాత్రం ఎన్టీపీసీ 2022లో రిజర్వాయర్ నీటి మీదే 100 మెగావాట్ల ప్యానెళ్లు తేలేలా పెట్టింది. అక్కడ పొలం పోయే బాధ లేదు.

చట్టం ఏమంటుంది?

2006 నాటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ జాబితాలో సోలార్ ప్యానెళ్లు, గాలిమరల ప్రాజెక్టులు లేవు. కాబట్టి ఆ నోటిఫికేషన్ కింద జరిగే ప్రజాభిప్రాయ సేకరణ వీటికి తప్పనిసరి కాదు. 2013 భూసేకరణ చట్టం ప్రకారం ప్రైవేటు కంపెనీ కోసం ప్రభుత్వం భూమి సేకరిస్తే 80 శాతం బాధిత కుటుంబాల సమ్మతి కావాలి. రైతు నేరుగా కంపెనీకి లీజుకిస్తే ఈ నిబంధన వర్తించదు. ఇక్కడే జాగ్రత్త అవసరం.

సంతకానికి ముందు అడగాల్సినవి

● కంచె ఎక్కడిదాకా? పొలాలకు, చెరువుకు, ఖబరస్తాన్‌కు వెళ్లే దారి ఉంటుందా?
● మేత భూమి ఎంత పోతుంది, బదులుగా ఏమిస్తారు?
● లీజు ఎన్నేళ్లు, అద్దె ఎప్పుడెప్పుడు పెరుగుతుంది?
● గడువు తీరాక ప్యానెళ్లు, పునాదులు ఎవరు తీసేయాలి?

జవాబులు నోటిమాటగా కాదు, అగ్రిమెంటులో రాసి ఉండాలి. కంచె పడ్డాక అడిగితే ప్లాన్ మారడం కష్టం.