ఎంక్వైరీ తేలేదాకా బియ్యం ఆపొద్దు

బెల్లంపల్లిలో బొగ్గు తవ్వకం 1920ల చివర మొదలైంది. ఆ గనుల మీద బతికిన తరాలకు చార్జిషీటు, ఎంక్వైరీ, సస్పెన్షన్ అన్న మాటలు ఇంటి మాటలే. సస్పెండైన కార్మికుడి ఇల్లు పస్తులుండకూడదని 1946 నాటి స్టాండింగ్ ఆర్డర్ల చట్టానికి 1982లో ఒక సవరణ చేశారు. విచారణ సాగినన్నాళ్లూ మొదటి 90 రోజులు సగం జీతం, ఆలస్యానికి అతను కారణం కాకపోతే ఆ పైన ముప్పావు జీతం యాజమాన్యం చెల్లించాలి. తప్పు రుజువు కాకముందే ఆకలితో శిక్షించరాదని కార్మికులకు అంగీకరించిన ఈ న్యాయం రేషన్ బియ్యం తినేవాళ్లకు మాత్రం నేటికీ అందలేదు.

2014 నుంచి 2019 దాకా తెలంగాణలో 18 లక్షలకు పైగా రేషన్ కార్డులు రద్దయ్యాయి. ఎక్కువ భాగానికి నోటీసు లేదు, ఇంటికొచ్చి చూసిందీ లేదు, కంప్యూటర్ లెక్కే తీర్పు. హైదరాబాద్‌లో రిక్షా తొక్కి బతికిన మనిషి పేరున కారుందని తేల్చి ఆ ఇంటి కార్డు తీసేశారు. బెల్లంపల్లి లాంటి ఊళ్లో ఈ పద్ధతి మరీ ప్రమాదకరం. తండ్రి సింగరేణి ఉద్యోగి కావచ్చు, వేరుపడిన కొడుకు కాంట్రాక్టు కూలీ కావచ్చు. ఆ తేడా గడప దాకా వెళ్లి అడిగితేనే తెలుస్తుంది. సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో చెప్పిందీ అదే: రద్దు చేసిన కార్డులన్నిటినీ క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించండి. మనిషికి ఆరు కిలోల లెక్కన నలుగురున్న ఇంటికి 2016లో కార్డు పోతే, ఆ తీర్పు నాటికి అందకపోయిన బియ్యం 15 క్వింటాళ్ల పైమాటే.

బోగస్ కార్డులు ఏరేయొద్దా అని అడుగుతారు. ఏరేయాల్సిందే, కానీ ముందు విచారణ, తర్వాత కోత. మళ్లీ పరిశీలనలో తొలి రెండు లక్షల దరఖాస్తుల్లో అర్హులు సుమారు 15 వేలేనని, కాబట్టి కోత సరైనదేనని ఇంకొందరంటారు. ఆ 15 వేలూ కుటుంబాలు. పైగా ఇన్నేళ్ల తర్వాత మళ్లీ దరఖాస్తు పెట్టగలిగిన వాళ్లే ఆ లెక్కలోకి వచ్చారు. ఖజానా భారం అన్న వాదన కూడా నిలవదు. నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణ భత్యం తీసుకున్న వేలాది తల్లిదండ్రులను మోసగాళ్లుగా ముద్రవేసి డబ్బు వెనక్కి లాగిన ప్రభుత్వం 2021 జనవరిలో రాజీనామా చేసింది. ఒక్కో బాధిత కుటుంబానికి 30 వేల యూరోల పరిహారం ఒప్పుకోవాల్సి వచ్చింది. తొందరపాటు కోతే అసలు ఖరీదైనది.

మన చట్టంలో పరిహారం లేకపోలేదు. 2013 ఆహార భద్రతా చట్టం 8వ సెక్షన్ ప్రకారం, హక్కున్న మనిషికి గింజలు ఇవ్వకపోతే డబ్బు ఇవ్వాలి. చిక్కల్లా ఆ ‘హక్కున్న’ దగ్గరే ఉంది. కార్డు తీసేయగానే హక్కూ పోయినట్టే లెక్క, ఇక భత్యం అడిగే దారే ఉండదు. గని కార్మికుడికి ఇచ్చిన రక్షణనే ఇక్కడా రాసుకుంటే సరిపోతుంది: రాతపూర్వక నోటీసు ఇవ్వాలి, విచారణ ముగిసేదాకా బియ్యం ఆపకూడదు, పొరపాటున ఆపితే ఆగిన నెలలన్నిటికీ 8వ సెక్షన్ భత్యం చెల్లించాలి. పౌరసరఫరాల శాఖ ఈ మూడూ ఉత్తర్వుగా ఇచ్చాకే తర్వాతి ఏరివేత మొదలుపెట్టాలి.