ఉల్లికోడుకు ఎదురు నిలిచిన ఈశ్వరకోర

జూలూరుపాడు వైపు నాట్లు ఆలస్యమై, ముసురు పట్టి వదలని ఏడు వరి రైతు భయపడేది ఉల్లికోడుకు. పిలక నడిమి ఆకు విచ్చుకోకుండా ఉల్లికాడలా తెల్లటి గొట్టమై పొడుచుకొస్తుంది. ఆ పిలకకు ఇక వెన్ను రాదు. దోమంత ఈగ గుడ్డు పెట్టి పోతే, పిల్ల పురుగు మొవ్వులోకి దిగి దాన్ని తన ఇల్లుగా మార్చుకుంటుంది. పక్క మడిలో వేరే రకం వేసి ఉంటే మాత్రం వెదికినా గొట్టం దొరక్కపోవచ్చు. నీరు, నేల, వాన అన్నీ ఒకటే. తేడా అంతా విత్తనంలోనే ఉంది.

ఆ తేడాను పట్టుకోవడంలో మన వరంగల్ పరిశోధన కేంద్రం చేసిన పని చిన్నది కాదు. ఈశ్వరకోర అనే పాత నాటు వరిని ఎం.టి.యు. 15తో సంకరం చేస్తే డబ్ల్యు 1263 పుట్టింది. 1966లో వచ్చిన ఐ.ఆర్. 8 గింజ బాగా ఇచ్చింది గానీ ఉల్లికోడుకు ఆగలేదు. దాన్ని డబ్ల్యు 1263తో కలిపితే కాకతీయ, ఆగ్నేయాసియా రకం సియాం 29తో కలిపితే సురేఖ, ఫల్గుణ వచ్చాయి. దిగుబడి కొత్తదాని నుంచి, కాపుదల పాతదాని నుంచి వచ్చాయి.

ఈ మొక్కలు పురుగును ఎలా ఆపుతాయి? ఈగ వీటిని చూసి తప్పుకోదు, గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగు మొవ్వు దాకా చేరుతుంది కూడా. అక్కడే కొద్ది రోజుల్లో చస్తుంది. ఫల్గుణలో పురుగు చేరిన చోట కణాలు తామే మాడి గోధుమరంగుకు తిరుగుతాయి. డబ్ల్యు 1263లో ఆ మచ్చయినా కనబడదు, పురుగు మాత్రం బతకదు. నాకు ఈ మొత్తం కథలో అన్నిటికన్నా అబ్బురం ఇదే. అమెరికా శాస్త్రవేత్త రెజినాల్డ్ పెయింటర్ 1951లో మొక్కల కాపుదలను మూడు తీరులుగా చెప్పాడు: పురుగుకు నచ్చకపోవడం, తిన్న పురుగును బతకనివ్వకపోవడం, దెబ్బ తిన్నా దిగుబడి నిలుపుకోవడం. ఉల్లికోడును తట్టుకునే మన రకాలు రెండో తీరువి.

పురుగు కూడా ఊరుకోలేదు. 1980లలో శ్రీకాకుళం ప్రాంతంలో ఫల్గుణను సైతం తినగల ఉల్లికోడు బయటపడింది. ఒకే జన్యువున్న రకాన్ని ఊళ్లకు ఊళ్లు వేస్తే, దాన్ని తట్టుకున్న కొద్దిపాటి పురుగులే మిగిలి పెరుగుతాయి.

పత్తిలోనూ అదే జరిగింది. కాయతొలుచు పురుగులకు మందుగా ఒక బాక్టీరియా జన్యువు చేర్చిన బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది. రెండు జన్యువుల రకం 2006లో వచ్చింది. గులాబీ రంగు పురుగు ఆ రెండింటినీ దాటింది. బీటీ కాని విత్తనం 120 గ్రాములు చేను చుట్టూ వేయమన్నది పురుగు అంత తొందరగా తట్టుకునే శక్తి తెచ్చుకోకూడదనే. ఆ మాట చాలా చేలల్లో అమలు కాలేదు.

ఈశ్వరకోరను ఎవరో రైతులు ఏళ్ల తరబడి దాచి విత్తుకున్నారు కాబట్టే అది వరంగల్ దాకా చేరింది. మన అడవి అంచు గూడేల్లో, మీ ఇంటి గాదెలో, పేరు మరిచిపోయిన పాత వరి ఇంకా ఉంటే, దయచేసి పోనివ్వకండి. ఒక మూల మడిలో ప్రతి ఏడూ విత్తండి. ఒక దోసెడు వరంగల్ పరిశోధన కేంద్రానికి అందించండి.