సముద్రం దాటిన చదువు

నిడదవోలు నుండి భీమవరం మీదుగా నరసాపురం పోయే రైలుమార్గంలో తణుకు ఒక స్టేషను. ఈ ఊరిలో డిగ్రీ చదివే విద్యార్థి మధ్యలో విదేశీ విశ్వవిద్యాలయానికి మారదలచినచో మొదట ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: ఇక్కడి చదువుకు అక్కడ ఎంత విలువ కడతారు? విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2022లో చేసిన నిబంధనలలో, భారతీయ, విదేశీ సంస్థలు జంటగా నడిపే ఒక తరహా కోర్సుకు ఆ లెక్క కూడా వ్రాసి ఉన్నది. విదేశంలో సంపాదించే క్రెడిట్లు మొత్తంలో 30 శాతానికి మించరాదు.

అదే రైలుమార్గంలోని భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుకు అటువంటి ఆసరా ఏదీ లేదు. ఆయనది చదువు మధ్యలో మారడం కాదు. చదువు ముగించి, తక్కువ పట్టంతో మారడం. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించినందుకు శస్త్రచికిత్స ఆచార్యునికి ఆగ్రహం కలిగిందని చెబుతారు. ఏమైతేనేమి, పూర్తి వైద్య పట్టానికి బదులు ఎల్.ఎం.ఎస్. అనే చిన్న పట్టం చేతికి వచ్చినది. ఇద్దరు సోదరులు స్ప్రూ అనే ఉష్ణమండల గ్రహణి వ్యాధికి బలి అయినారు. పై చదువు తప్పదనుకున్నాడు. అనపర్తిలోని మామగారు, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ధనసహాయం చేయగా 1922లో బోస్టన్ చేరి, హార్వర్డ్ ఉష్ణమండల వైద్య పాఠశాలలో ప్రవేశించాడు.

చదువుకోవడానికి చోటు దొరికినది గాని, ఎల్.ఎం.ఎస్.తో వైద్యం చేయడానికి అనుమతి దొరకలేదు. మద్రాసులో వైద్యుడు, బోస్టన్ ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేసే పనివాడు!

డిప్లొమా తరువాత ఆయన సైరస్ ఫిస్కే వద్ద జీవరసాయన శాఖలో చేరాడు. రక్తంలోను, మూత్రంలోను భాస్వరాన్ని కొలవడం అక్కడి సమస్య. ఫాస్ఫేటును ఆమ్ల మాధ్యమంలో మాలిబ్డేటుతో కలిపి, ఒక క్షయకరణ పదార్థం చేర్చినచో ద్రావణం నీలంగా మారుతుంది. నీలం ఎంత గాఢమో భాస్వరం అంత ఎక్కువ. తెలిసిన పాళ్ళు గల ద్రావణంతో రంగు పోల్చి చూస్తే చాలు. 1925లో ప్రకటితమైన ఈ ఫిస్కే–సుబ్బారావు పద్ధతి ప్రయోగశాలలలో బహుళ ప్రచారం పొందినది.

కండరాల సారంతో ఇదే పరీక్ష చేయగా ఒక చిక్కు ఎదురైనది. రంగు వెంటనే రాక మెల్లమెల్లగా పెరిగినది. మరొకరైతే లోపం రసాయనాలదని సీసా పారబోసేవారేమో! నిలకడలేని ఏదో పదార్థం విచ్ఛిన్నమవుతూ ఫాస్ఫేటును విడిచిపెడుతున్నదని వీరు గ్రహించారు. అదే ఫాస్ఫోక్రియాటిన్, 1927లో ప్రకటించారు. కణాలకు శక్తినందించే ఎ.టి.పి.ని 1929లో వేరుచేశారు. అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా దానిని కనుగొన్నాడు.

1930లో పిహెచ్.డి. లభించినది, శాశ్వత ఆచార్యపదవి మాత్రం లభించలేదు. 1940లో సుబ్బారావు లెడర్లీ ప్రయోగశాలలలో చేరాడు. అక్కడ ఆయన బృందం కృత్రిమంగా తయారుచేసిన ఫోలిక్ ఆమ్లం, సోదరులను పొట్టనబెట్టుకున్న స్ప్రూకు మందయినది. 1947లో అక్కడినుండే బోదకాలు క్రిములపై పనిచేసే డైఇథైల్ కార్బమజీన్ వెలువడినది.

1948 ఆగస్టులో ఆయన అమెరికాలోనే మరణించాడు; స్వదేశానికి మరి రాలేదు. ఆ మందు మాత్రం వచ్చినది. బోదకాలు పీడించిన గోదావరి జిల్లాలలో ప్రభుత్వ కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి ఆ మాత్రలను పంచిపెట్టారు.