మిఠాయి కొన్నవారికే ముందు వరుస

1930 ప్రాంతమున తోక్యో నగరపు ఇరుకు సందులలో, సాయంవేళ రెండు కొయ్యముక్కలు ఒకదానితో నొకటి తాకి టకటకమని మ్రోగినంతనే, ఇండ్లనుండి పిల్లలు పరుగెత్తి వచ్చుచుండిరి. ఆ కొయ్యలను మ్రోగించువాడు సైకిలు దిగి, వెనుక కట్టుకొనివచ్చిన పెట్టె సొరుగులను లాగి, పుల్లకు చుట్టిన జిగురుపాకమును ఒక్కొక్క సెన్ నాణెమునకు అమ్మి, అటుపిమ్మట ఆ పెట్టెపై చిన్న తలుపులుగల చెక్కచట్రమును నిలిపి, అందు అమర్చిన అట్టబొమ్మలను ఒకటొకటిగా ప్రక్కకు లాగుచు కథ చెప్పెడివాడు. మిఠాయి కొన్నవారు ముందు నిలుతురు. కొననివారు వెనుకనుండి మెడలు చాచి చూడవలసినదే. దీనినే జపానువారు కామిషిబాయ్, అనగా కాగితపు నాటకము, అందురు. బాలురకొఱకు పెద్దలు కల్పించిన వినోదములు ప్రతి దేశమునను కలవు గాని, బాలురే తమ చేతి నాణెముతో పోషించి, నచ్చకున్న మఱునాడు రాక శిక్షించిన రంగస్థలము ఇంతటిది మఱియొకటి నాకు తోచదు.

ఈ విద్యకు పూర్వులు లేకపోలేదు. మధ్యయుగమున బౌద్ధభిక్షువులు స్వర్గనరకముల చిత్రపటములను వ్రేలాడదీసి, కోలతో చూపుచు ధర్మబోధ చేసెడివారు. ఎదో యుగమున గాజుపలకలపై వ్రాసిన బొమ్మలను దీపపు వెలుగుతో తెరపై పడవేయు ఆటయు, మెయిజీ యుగమున పుల్లకు అంటించిన కాగితపు బొమ్మలను చిన్న వేదికపై ఆడించు ఆటయు వచ్చినవి. ఆ బొమ్మల స్థానమును చదునైన చిత్రములు ఆక్రమించినపుడు వేదిక బరువు తగ్గి, నాటకము సైకిలెక్కెను.

చిత్రమును చూపి కథ చెప్పుట మనకును క్రొత్త కాదు. చేర్యాల నకాషీలు వ్రాసిన పొడవైన పటమును విప్పుచు, కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణమును, కాకిపడగలవారు ముదిరాజులకు పాండవుల కథను వినిపించుచు వచ్చిరి. ఐనను భేదము గొప్పది. పటము కథ కులముయొక్క ఆస్తి. పోషకులెవరో తరతరములుగా నిర్ణయమై యుందురు. పిల్లలు ఆ సభలో తల్లి ఒడిలో కునికిపాట్లు పడు శ్రోతలు మాత్రమే. తోక్యో సందులోని కథకునికి అట్టి మిరాశీ యేదియు లేదు. వాని పోషకుని యెత్తు మూడడుగులు.

1929 నాటి ఆర్థికమాంద్యము జపానును తాకి వేలమందిని పనినుండి వెళ్లగొట్టగా, పెట్టుబడి లేనివానికి ఈ వృత్తి అన్నము పెట్టెను. బొమ్మలు కథకుని సొంతము గావు. వ్యాపారియొకడు కథారచయితను, చిత్రకారుని కూలికి పెట్టుకొని, ఒక్కొక్క కథాభాగమును ఒకే ఒక్క ప్రతిగా చేతితో వ్రాయించి, వాన తగిలినను చెడకుండునట్లు పైన వార్నిషు పూయించి, కథకులకు దినపు అద్దెకు ఇచ్చెడివాడు. నేడొక పేటలో ఆడిన కట్ట రేపు మఱొక పేటకు, నగరమంతయు తిరిగినపిమ్మట పరగణాలకు పోవుచుండెను. దినమునకు మూడు కథలు చెప్పుట వాడుక: చిన్నవారికొక హాస్యము, బాలికలకు కంటతడి పెట్టించు కుటుంబకథ, బాలురకు సాహసగాథ. ప్రతి కథయు కత్తి మెడపై నున్నచోటనే ఆగును, తక్కినది రేపు. ఆ రేపటికొఱకే మఱియొక మిఠాయి.

బాలుర తీర్పు ఎంత బలవత్తరమైనదో ఒక ఉదాహరణము చూపెదను. నల్ల గబ్బిలమను దుష్టుని సాహసములతో నొక కథ నడచుచుండెను. కథ ముగింపవలసిన దినము వచ్చినపుడు, వానిని ఓడించుటకు కపాలవదనుడును ఎఱ్ఱని అంగవస్త్రధారియునగు బంగారు గబ్బిలమును హఠాత్తుగా రంగమున దింపిరి. పిల్లలు ఆ క్రొత్తవానిని విడువలేదు. అంత సుజుకి ఇచిరో కథను, నగమత్సు తకెయొ బొమ్మలను సమకూర్పగా, 'బంగారు గబ్బిలము' స్వతంత్రగాథయై దేశమంతట వ్యాపించెను. అమెరికాలో సూపర్‌మాన్ 1938లో పుట్టుటకు ఏండ్లముందే ఈ అట్టబొమ్మల వీరుడు ఆకాశమున ఎగురుచుండెను.

ఇక చెప్పు నేర్పు. బొమ్మను సగము లాగి ఆపినచో, ప్రక్కనున్న పిల్లవాడు క్రిందిబొమ్మలో ఒక చేతిని మాత్రమే చూచును. ఆ చేయి ఎవరిదో తెలియనీయక కథకుడు తన చిత్తమువచ్చినంతసేపు నిలుపగలడు. ఒక్క ఊపున లాగినచో పిడుగు పడినట్లుండును. గొంతు మార్చుట, డోలు కొట్టుట, ముందు వరుసలోని అల్లరివానిని పేరుపెట్టి మందలించి మరల కథలో ప్రవేశించుట, ఇవన్నియు అప్పటికప్పటి కల్పనలే. వీథికథలకు వ్రాతప్రతి అంతంతమాత్రమే. కథ నోటినుండి నోటికి నడచెను.

ఇంత జనాదరణగల వస్తువును పెద్దలు ఊరకుండనిత్తురా? భూతప్రేతములు మితిమీరినవని ఉపాధ్యాయులు, మిఠాయి అశుభ్రమని తల్లులు మొఱపెట్టిరి. క్రైస్తవ ప్రచారకురాలగు ఇమాయి యోనె బైబిలు కథలను ఈ చట్రమునకెక్కించెను. 1935 నుండి తకహషి గొజాన్ శిశుపాఠశాలలకై ముద్రితమైన కట్టలను వెలువరించెను. యుద్ధము రాగానే ప్రభుత్వమే ముందుకు వచ్చి, పొదుపు, బాంబుదాడి, వీరమరణము మున్నగు విషయములపై కథలు అచ్చొత్తించి ఊరూర చెప్పించెను. ఇచట నొక సూక్ష్మము కలదు. అచ్చుకట్టలో ప్రతి బొమ్మకును తగిన పాఠము, దానికి ముందు బొమ్మ వెనుకవైపున ఉండును. లాగిన అట్టను కట్ట వెనుకకు చేర్చినపుడు ఆ పాఠము కథకుని కన్నులయెదుట నిలుచును. చదువుటకు ఎంత సౌకర్యమో, తప్పించుకొనుటకు అంత అసాధ్యము. వీథికథకుని నాలుకకు లేని కళ్ళెము ఈ వెనుకటి అచ్చుతో పడినదని నా తలంపు.

యుద్ధానంతరమున, ఆక్రమణసేనల పరిశీలకులు కట్టలను తనిఖీ చేయుచుండగనే, పని దొరకని సైనికులు సైతము సైకిళ్లెక్కుటచే వీథినాటకము మునుపటికంటె విజృంభించెను. 1953లో టెలివిజను ప్రసారములు మొదలైనవి. జనులు దానికి మొదట పెట్టిన పేరు 'విద్యుత్ కామిషిబాయ్'. పదేండ్లలో సందులు నిశ్శబ్దములైనవి. గ్రంథాలయములును శిశుపాఠశాలలును పోషించిన అచ్చుకట్టలు మాత్రము నిలిచి, ఫ్రాన్సు మున్నగు దేశములకు సైతము చేరినవి.

చేతిబొమ్మల చిత్రకారులు బ్రతుకుతెరువుకై అద్దెపుస్తకముల బొమ్మలకథలవైపు మఱలిరి. షిరతో సన్‌పేయ్ ఆ దారిని వచ్చినవాడే. యుద్ధమున ఎడమచేయి కోల్పోయిన మిజుకి షిగెరు, 1930ల నాటి వీథికథలోని శ్మశానబాలుడగు కితరోను 1954లో మరల అట్టలపై వ్రాసి, 1960లో పుస్తకమునకెక్కించెను. 'బంగారు గబ్బిలము' 1967లోను, కితరో 1968లోను టెలివిజనులో కదలుబొమ్మలైరి.