వాల్తేరు నుంచి నంబూరు దాకా

మన పెద్దల కాలంలో ఆనర్సు చదవాలంటే వాల్తేరు వెళ్లాల్సిందే. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో పుట్టినా, తర్వాత అక్కడికి తరలిపోయింది. గణితంలో సి.ఆర్.రావు ఆనర్సు చేసిందీ అక్కడే. మిరప ధర పలికిన ఏడు మనవాళ్లు మగపిల్లలకు ట్రంకుపెట్టె సర్ది రైలెక్కించేవారు. ఆడపిల్లల్ని అంత దూరం ఎవరు పంపుతారు? మా అక్క చదువు బి.ఎ.తోనే ఆగింది. మార్కులు మాత్రం నాకన్నా ఎక్కువ!

1967లో గుంటూరు పక్కన నల్లపాడులో పి.జి. కేంద్రం పెట్టారు. అదే పెరిగి, 1976 సెప్టెంబరు 11న నంబూరు దగ్గర నాగార్జున విశ్వవిద్యాలయమైంది. మన పెదకాకానికి సైకిలు దూరం. ఇద్దరు పిల్లల తల్లయ్యాక అక్క అక్కడ ఎం.ఎ.లో చేరింది. పొద్దున్నే క్యారేజీలు కట్టి బస్సెక్కేది. సాయంత్రం గ్రంథాలయం పుస్తకాలతో దిగేది.

ఇప్పుడు డిగ్రీలోనే నాలుగేళ్ల ఆనర్సు వచ్చింది. అక్క మనవరాలు అందులో చేరింది. పాత నోట్సు అడిగితే అక్క బీరువా తాళం తీసింది.