నైట్ షిఫ్టు నేర్పిన ఆట

భిలాయ్ సెక్టర్ 4లో మా ఇళ్ళలో పసిపిల్లలకు సంగీత పాఠం 'నాన్న పడుకున్నారమ్మా' అన్న మాటతో మొదలయ్యేది. మా ఊరి ఉక్కు కర్మాగారానికి 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభం. ఆ కొలిమిని రోజూ రాత్రికి ఆర్పి పొద్దున్నే రాజేయడం కుదరదు. అందుకే మూడు షిఫ్టులు. నైట్ షిఫ్టు దిగిన మనిషి పగలు నిద్రపోవాలి. ఇల్లు చూస్తే చిన్న క్వార్టరు, ఏడాదిన్నర పిల్ల చేతిలో గరిటె, ముందు బోర్లించిన గిన్నె. గరిటె లాక్కుంటే పిల్ల ఏడుపు గిన్నె మోతను మించిపోతుంది. తల్లులు అందుకే లాక్కోలేదు, ఆట కట్టారు.

నేను శ్రీకాకుళం వైపు నుంచి కోడలిగా వచ్చాక ఆ ఆటను మా అత్తగారి దగ్గర నేర్చుకున్నాను. ఏనుగొస్తే గరిటెతో దబదబా, చీమొస్తే వేలి కొసతో. ఆవిడ అరచెయ్యి పైకెత్తితే మోత పెరగాలి, దించితే తగ్గాలి. తగ్గించమంటే పిల్లలు వేగం తగ్గించేస్తారు. ఆవిడ మాత్రం తాళం చెడనిచ్చేవారు కాదు: అదే నడక, బలం ఒక్కటే వేరు. పాఠమంతా అందులోనే ఉందని నా నమ్మకం.

1931లో పూర్తయిన విజయనగరం–రాయపూర్ రైలు మార్గం మా ఊళ్ళను ఈ వైపుకి కలిపింది. సెలవులకు వెళ్ళొచ్చే వాళ్ళ సంచుల్లో ఏటికొప్పాక లక్క గిలక్కాయలు ఉండేవి. అంకుడు కర్రతో చేసినవి, పిల్లలు నోట్లో పెట్టుకున్నా భయం లేని రంగులు. ఒకటి గట్టిగా మోగేది, ఒకటి సన్నగా మోగేది ఏరి రెండూ ఇచ్చేవాళ్ళం.

తర్వాత బాలవాడిలో పనికి చేరినప్పుడు మాంటిస్సోరీ గురించి చదివాను. 1907లో ఆమె మొదటి బడి పెట్టింది రోమ్‌లోని సాన్ లొరెంజోలో, కూలిపనికి వెళ్ళే వాళ్ళ బిడ్డల కోసం. 1939లో మద్రాసు అడయారుకు వచ్చి మన దేశపు టీచర్లకు శిక్షణ ఇచ్చారు. ఆమె చేయించిన చెక్క గొట్టాలు ఆరు జతలు. ఊపి, చెవి దగ్గర పెట్టుకుని, ఒకే మోత ఉన్న జతను వెతకాలి. పక్కగదిలోంచి గుసగుసగా పేరు పిలిస్తే ఒక్కో బిడ్డా లేచి రావడం ఇంకో ఆట. ఆమె గొట్టాలు చెవికి పదును పెడతాయి, మా ఏనుగు–చీమ చేతికి పదును పెడుతుంది. రెండూ పనివాళ్ళ ఇళ్ళ మధ్యే పెరిగాయన్నది నాకు గర్వంగా ఉంటుంది.

మా పక్కనే గనియారీలో పుట్టి, మా ప్లాంటులోనే ఉద్యోగం చేసిన తీజన్‌బాయి పాడే భారతకథ, పండవానీ, విన్నవాళ్ళకు మోత పెంచి తగ్గించే ఈ విద్య విలువ చెప్పక్కర్లేదు. తంబూరా ఎత్తి భీముడై గర్జించిన ఆ గొంతే మరుక్షణం ద్రౌపది దుఃఖానికి దిగిపోతుంది.

బాలవాడిలో నేను చీమ ఆటతో ఎప్పుడూ మొదలుపెట్టలేదు. ఇంట్లో వారమంతా అణిగి ఉన్న బిడ్డకు ముందు ఏనుగు కావాలి. నూనె డబ్బాలు, తప్పేలాలు ఇచ్చి మైదానంలోకి వదిలేదాన్ని. కడుపునిండా వాయించాకే అరచెయ్యి కిందికి దించేదాన్ని. చిన్న మోత ఒక్కటే నేర్పి, పెద్దది వద్దనే బడులంటే నాకు కోపం. అక్కడ పిల్లలకు చెప్పేది సంగీతం కాదు, నోరు మూసుకోవడం.